ఎండాకాలం లీగు పెడుతున్నారా? మార్పుల చీటీ ముందే రాసుకోండి

మొన్న ఆదివారం మిర్యాలగూడ వైపు ఒక ఊళ్లో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. పదమూడేళ్ల పిల్లవాడు సెంటర్‌లో బాల్ అందుకుని రెండడుగులు వేసి అక్కడే కూలబడ్డాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ నెట్టలేదు. పొద్దున ఏడున్నరకు ఒక మ్యాచ్ మొత్తం ఆడాడు, పదింటికి మొదలైన రెండోదీ మొత్తం ఆడుతున్నాడు. రెండు సెలైన్లు ఎక్కించాక రాత్రికి ఇల్లు చేరాడు, గండం గడిచింది. వాట్సాప్‌లో ఆ వీడియో చూసినవాళ్లంతా ఎండను తిడుతున్నారు. నా కళ్లు మాత్రం వేరే చోట ఆగిపోయాయి. వాడు పడ్డ చోటికి ఇరవై అడుగుల దూరంలో, గీత బయట, అదే రంగు జెర్సీల్లో ఐదుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ల జెర్సీలకు మట్టి కూడా అంటలేదు.

ఏప్రిల్ ఆఖరు వారంలో బడులు మూస్తారు, మళ్లీ తెరిచేది జూన్ 12కే. ఈ మధ్యలో నల్లగొండ నుంచి గద్వాల దాకా ప్రతి పట్టణంలో ఎవరో ఒకరు పిల్లల లీగు పెడతారు. నేనూ పెడతాను. నీళ్లు తాగించండి, మధ్యాహ్నం ఆడించకండి అని మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ ఇంట్లోవాళ్లే చెప్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్క తప్పు గురించి. మంచి కోచ్‌లు కూడా చేసే తప్పు, నేనూ చేసిన తప్పు.

ఆటగాళ్లను స్కోరు చూసి మారుద్దాం అనుకోవడం.

గెలుస్తుంటే "ఇంకో గోల్ పడనీ, అప్పుడు మారుద్దాం" అంటాం. ఓడుతుంటే "ఇప్పుడు మంచోణ్ని తీస్తే ఎట్ల?" అంటాం. సమానంగా ఉంటే అసలే కదలం. లెక్క వేసి చూడండి, బయట కూర్చున్నవాడికి ఏ స్కోరులోనూ వంతు రాదు. లోపల ఉన్నవాడికి ఏ స్కోరులోనూ విశ్రాంతి రాదు. ఒకణ్ని ఎండలో కూలగొట్టేదీ, ఇంకొకణ్ని ఆటకే దూరం చేసేదీ ఈ ఒక్క తప్పే. మనం మాత్రం మొదటిదాన్ని ప్రమాదం అంటాం, రెండోదాన్ని అసలు లెక్కలోకే తీసుకోం.

కొన్నేళ్ల కింద మా ఫైనల్‌కు ఒక పిల్లవాడి తాత దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చాడు. మ్యాచ్ నడిచినంతసేపూ గీత పక్కన మనవడు ఒళ్లు విరుచుకుంటూ, గెంతుతూ, నా ముఖం చూస్తూ ఉన్నాడు. 1-1. నేను మార్చలేదు. రెఫరీ ఆఖరి విజిల్ వేశాక ఆ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "సారూ, మావోడు ఎప్పుడు దిగుతడు?" అని అడిగాడు. ఆట అయిపోయిందని ఆయనకు తెలియలేదు. ఆ పిల్లవాడు మళ్లీ గ్రౌండుకు రాలేదు. పెనాల్టీల్లో మేమే గెలిచాం, కప్పు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది.

చీటీ ఎట్లా రాయాలి

ఆటలో ఏ భాగంలో ఎవరు దిగాలో, ఎవరు కూర్చోవాలో రాసుకునే కాగితమే మార్పుల చీటీ. మ్యాచ్ ముందు రోజు రాత్రి, ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని రాయాలి. గ్రౌండులో అరుపుల మధ్య రాసింది చీటీ కాదు.

మాది ఏడుగురి ఆట, 40 నిమిషాలు. దాన్ని పదేసి నిమిషాల నాలుగు భాగాలు చేస్తాం. ఏడు నాలుగులు 28. అంటే పంచడానికి మీ చేతిలో 28 వంతులున్నాయి. జట్టులో 14 మంది ఉంటే తలా రెండు, ఇక గొడవే లేదు. 12 మంది ఉంటే నలుగురికి మూడు, ఎనిమిది మందికి రెండు. 10 మంది ఉంటే ఎనిమిది మందికి మూడు, ఇద్దరికి రెండు. ఈ వారం రెండే వచ్చినవాళ్లకు వచ్చే వారం ముందు మూడు రాయండి, తర్వాతే మిగతా పేర్లు. ఎవరికీ నాలుగు రాయకండి. అందరికంటే బాగా ఆడేవాడికి అసలే రాయకండి, ఎందుకంటే అందరికంటే ఎక్కువ పరుగెత్తేదీ వాడే, "అలసిపోయిన" అని నోరు తెరిచి చెప్పనిదీ వాడే.

భాగానికీ భాగానికీ మధ్య రెండు మూడు నిమిషాలు నీడ, నీళ్లు. 2014 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఊరు ఫోర్టలేజాలో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్‌ను మధ్యలో ఆపి ఆటగాళ్లకు నీళ్లిచ్చారు. వాళ్లు జీతం తీసుకుని ఆడే పెద్దవాళ్లు. మన దగ్గర ఆడేది ఏడో తరగతి పిల్లలు, అదీ మే నెల నల్లగొండలో.

బలహీనంగా ఆడేవాళ్లందరినీ ఒకే భాగంలో కుప్పగా దించకండి. చాలామంది చేసే తెలివైన మోసం ఇది. కాగితం మీద నిమిషాలు సమానంగానే కనిపిస్తాయి, ఆ పది నిమిషాల్లో మూడు గోల్స్ పడతాయి, "చూశారా, అందుకే వీళ్లను దించను" అనడానికి సాక్ష్యం తయారవుతుంది. ఇద్దరు గట్టి ఆటగాళ్లుంటే ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టకుండా రాస్తే చాలు.

గోలీ సంగతి. లావుగా ఉన్నాడని ఒకే పిల్లవాణ్ని సీజనంతా గోల్‌లో నిలబెట్టి, వాడూ ఆడుతున్నాడుగా అంటే నేను ఒప్పుకోను. పన్నెండేళ్లలోపు అయితే సగం ఆటకు గోలీని మార్చండి. పద్నాలుగేళ్ల జట్టులో తానే అడిగి నిలబడేవాడుంటే వాడికే ఇవ్వండి. "వీడు బ్యాకే, వీడు ఫార్వర్డే" అని ఇప్పుడే ముద్ర వేయడమూ అంతే. అప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో, తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద అతనూ గోల్ కొట్టాడు, మనకు బంగారు పతకం వచ్చింది. ఆరో తరగతి పిల్లవాడి స్థానం ఇప్పుడే ఖాయం చేయడానికి మనమెవరం?

చీటీ రెండు కాపీలు రాయండి. ఒకటి మీ జేబులో, ఒకటి అవతలి జట్టు మనిషి చేతిలో. రెండో కాపీ ఎందుకంటే, స్కోరు 1-1 ఉన్నప్పుడు మీ మీద మీకే నమ్మకం ఉండదు.

లీగు నిబంధనల్లో ముందే రాయాల్సింది

"ఒకసారి బయటికొస్తే మళ్లీ దిగొద్దు" అని మన దగ్గర గ్రౌండు గ్రౌండుకూ ఒక పెద్దమనిషి వాదిస్తాడు. టీవీలో చూసే పెద్దల ఆటకు అది సరే. ఆట నిబంధనల్లో మూడోది చూడండి. పిల్లల ఆటలో, స్థానిక స్థాయి ఆటలో బయటికి వచ్చినవాణ్ని తిరిగి దించే వీలు ఉంది, జాతీయ సంఘం ఒప్పుకోవాలి, అంతే. మీ లీగు కాగితంలో ఈ మాట మొదటి రోజే రాసి అన్ని జట్లతో సంతకం పెట్టించండి. లేకపోతే "తీస్తే మళ్లీ రాడుగా" అన్న భయంతోనే కోచ్ మంచి ఆటగాణ్ని ఎండలో వదిలేస్తాడు.

ఇంకో మాట. ప్రాక్టీసుకు రాలేదని నిమిషాలు కోసేముందు ఎందుకు రాలేదో అడగండి. యాసంగి వడ్లు కల్లాల మీద ఉండే రోజులివి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర తండ్రికి తోడుగా రాత్రంతా కుప్ప కాసి వచ్చిన పిల్లవాణ్ని "క్రమశిక్షణ లేదు" అని కూర్చోబెడితే అది మన సిగ్గు. రెఫరీని తిడితే కోయండి, పక్కవాణ్ని తన్నితే కోయండి.

పెద్దల విషయం

జెర్సీలు కొనిచ్చినాయన కొడుక్కీ అవే వంతులు. ఈ మాట జెర్సీలు తీసుకునేముందు చెప్పాలి, తర్వాత చెప్తే నోరు పెగలదు. కోచ్ కొడుకో కూతురో జట్టులో ఉంటే ఆ చీటీ ఇంకొకరు రాయాలి. తల్లిదండ్రులు గీతకు అవతలివైపు నిలబడాలి, మీ చెవి దగ్గర కాదు. "మావోణ్ని ఎందుకు తీసిండ్రు సార్?" అని ఎవరైనా మీదికొస్తే వాదన పెట్టుకోకండి, చీటీ చూపించండి. రాత్రే రాసింది కాబట్టి అది ఎవరి మీదా కోపంతో చేసింది కాదని వాళ్లకే అర్థమవుతుంది.

ఇక మిగతావి. వరుస లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

ఒకే రోజు ఒక పిల్లవాడికి రెండు మ్యాచ్‌లు వద్దు. ఫైనల్ అయినా వద్దు.

పొద్దున తొమ్మిదికి ఆట ముగియాలి. లేకపోతే సాయంత్రం ఐదున్నర తర్వాత. ముఖ్య అతిథి రాలేదని ఆపకండి, ఆయన వచ్చేసరికి ఎండ కూడా వస్తుంది.

బయట కూర్చునేవాళ్లకు నీడ. లోపలివాళ్ల కంటే ముందు వాళ్లకు. కదలకుండా ఎండలో కూర్చున్న పిల్లవాణ్ని ఆఖరి నాలుగు నిమిషాలకు దించితే, వాడు ఆ నాలుగు నిమిషాల్లో తానేంటో చూపించాలని ఒళ్లు తెలియకుండా ఉరుకుతాడు. కండరం పట్టేదీ, తలలు గుద్దుకునేదీ అప్పుడే. దిగే ముందు ఐదు నిమిషాలు వార్మప్ చేయించండి.

అందుకే చీటీ. ఎప్పుడు దిగాలో వాడికి రాత్రే తెలియాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పెద్దదైతే లీటరు నీళ్లలో ఒకటి. సీసాలో సగం వంచి, సగం దాచుకుని, అందాజాగా కలపొద్దు.

పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా, వాంతి చేసుకున్నా ఆట అక్కడికక్కడే ఆపాలి. నీడకు మోయండి, బూట్లు, జెర్సీ విప్పండి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. 108కు ఫోన్ కొట్టండి, అది వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. ఆడుతూ పడిపోయినవాడికి చెమట పడుతూనే ఉండొచ్చు.

పైపులతో చేసిన గోల్‌పోస్టును భూమికి బిగించాలి, కనీసం వెనక ఇసుక బస్తాలు వేయాలి. వేలాడినవాడు ఎవడైనా ఆ రోజుకు ఇంటికే.

ఉరుము వినపడితే ఆట బంద్. చెట్టు కిందికి కాదు, బిల్డింగులోకి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. స్కోరు ఎంతైనా.

మొరం గ్రౌండు మీద స్లైడ్ టాకిల్, అంటే నేల మీద జారుతూ బాల్ లాక్కోవడం, లేదు. బూట్లు లేకుండా ఆట లేదు, మోకాలి కింద కట్టే షిన్‌గార్డ్ లేకుండా అసలే లేదు. పొద్దున్నే సీసా పెంకులు, తుమ్మముళ్లు ఏరించండి, పిల్లలతో కాదు, మీరే ఏరండి.

పన్నెండేళ్లలోపు వాళ్లకు నాలుగో నంబరు బాల్. ఐదో నంబరు బాల్‌ను తలతో కొట్టించొద్దు.

ఆడపిల్లలకు ఆఖరి భాగం మిగల్చకండి. మొదటి భాగంలో దించండి. భారత జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా అమ్మాయి, ఆఖరి నాలుగు నిమిషాలతో ఎవరూ అంతదాకా పోరు.

తలకు దెబ్బ తగిలినవాడు "ఏం కాలే సార్" అంటాడు. నమ్మకండి. ఆ రోజు ఇక దించకండి, చీటీలో వాడి వంతు పక్కవాడికి.

నాలుగో భాగంలో ఒక గోల్ తేడాతో వెనకబడి ఉంటారు. అసిస్టెంట్ వచ్చి చెవిలో "సార్, ఈ ఒక్కసారికి..." అంటాడు. అనే తీరతాడు. చీటీ తీసి చదవండి, అందులో ఏ పేరుంటే ఆ పేరే పిలవండి.

మ్యాచ్ అయ్యాక చీటీ చించేయకండి. రెండే వంతులు వచ్చిన పేర్లకు సున్నా చుట్టి దాచండి, వచ్చే శనివారం రాత్రి వాటితోనే మొదలుపెట్టాలి.