కొత్త నిర్మాణంపై నగర కౌన్సిల్‌కు అభ్యంతరం ఎలా తెలపాలి?

వీధి చివరి ఖాళీ స్థలంలో ఐదంతస్తుల భవనానికి అనుమతి కోరుతున్నట్టు నోటీసు అంటించిన మర్నాడే, ఎవరో ఒకరు సంతకాల కాగితం పట్టుకొని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెడతారు. ఇలాంటి అభ్యంతరాలను నా కోసమూ ఇరుగుపొరుగు కోసమూ చాలా ఏళ్లుగా రాస్తున్నాను కనుక, ఆ సంతకాల కట్టకు కౌన్సిల్ సమావేశంలో పట్టే గతిని కళ్లారా చూశాను. అధ్యక్షస్థానంలో ఉన్నవారు దానిని అందుకొని, “నమోదు చేసుకున్నాం” అని పక్కన పెట్టి, తరువాతి వ్యక్తిని పిలుస్తారు. అదే మందిరంలో ఒక్క మనిషి తెచ్చిన ఒక్క పేజీ లెక్క మీద చర్చ అంతా తిరగడమూ చూశాను. ఆ ఒక్క పేజీని ఎలా తయారు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసినది

కౌన్సిల్ ఆ రోజు ఏ పాత్రలో కూర్చుంటున్నదో మొదట తెలుసుకోవాలి. మాస్టర్ ప్లాన్‌ను గానీ జోనింగ్ నిబంధనలను (ఏ ప్రాంతంలో ఏ వాడకానికి, ఎంత ఎత్తు భవనం కట్టవచ్చో చెప్పేవాటిని) గానీ మార్చేటప్పుడు అది చట్టసభలా పనిచేస్తుంది. నగరం ఎలా పెరగాలన్న విషయంపై అక్కడ ఎవరైనా తమ అభిప్రాయం చెప్పవచ్చు, సభ్యులు తమకు నచ్చినట్టు ఓటు వేయవచ్చు. ఒక స్థలానికి సంబంధించిన ఒక దరఖాస్తును తేల్చేటప్పుడు మాత్రం దాని పని న్యాయస్థానం పనికి దగ్గరగా ఉంటుంది. అప్పటికే ఉన్న నిబంధనతో దరఖాస్తును సరిపోల్చి చూడడమే అక్కడ జరగాలి. మూడవ పాత్ర, నిబంధన నుంచి మినహాయింపు కోరే దరఖాస్తును తేల్చడం. సెట్‌బ్యాక్ (స్థలం హద్దు నుంచి భవనం వరకు వదలవలసిన ఖాళీ) తగ్గించమనో, ఎత్తు పెంచనివ్వమనో అడిగేవారు, ఆ ఇబ్బంది స్థలం ఆకారం వల్లనో పల్లం వల్లనో వచ్చిందని, తాము తెచ్చిపెట్టుకున్నది కాదని చూపవలసి ఉంటుంది. ఈ మూడింటినీ కలగలిపి మాట్లాడేవారి వాదన మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

ఈ నిబంధనలు ఏ గుమాస్తా సరదాకో పుట్టినవి కావు. న్యూయార్క్‌లో 1915లో పూర్తయిన ఈక్విటబుల్ బిల్డింగ్ చుట్టుపక్కల వీధులకు వెలుతురు లేకుండా చేయడంతో రేగిన ఆందోళన, 1916లో ఆ నగరం ఎత్తులకూ వినియోగాలకూ సమగ్రమైన జోనింగ్ తేవడానికి ఒక కారణమైంది. నగరాలకు ఇలాంటి అధికారం ఉందని 1926లో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. భారత రాజ్యాంగంలోని 12వ షెడ్యూలులో కూడా పట్టణ ప్రణాళిక, భూ వినియోగ నియంత్రణ, భవన నిర్మాణ నియంత్రణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన అంశాలుగా ఉన్నాయి. అయితే అంతిమ నిర్ణయం కౌన్సిల్‌దేనా, దాని కమిటీదా, అధికారులదా, లేక కౌన్సిల్ సిఫారసు చేస్తే పై ప్రభుత్వం ఆమోదిస్తుందా అన్నది చోటును బట్టి మారుతుంది. నోటీసులో అది రాసి ఉందేమో చదవండి.

ఫైలు, సరంజామా

దరఖాస్తు, సైట్ ప్లాన్, టౌన్ ప్లానింగ్ అధికారుల నివేదిక, వర్తించే నిబంధనల ప్రతి తెచ్చుకోండి. టేపు, గట్టి అట్ట, కాగితాలు, పెన్ను, టార్చి చాలు. వీధి పటాన్ని ఫోన్‌లో కాకుండా కాగితం మీదే ముద్రించుకోవాలి. తెర మీద లెక్క రాసుకొనేవారు ఎప్పుడూ తప్పు గీత మీద గుర్తు పెడతారు.

నివేదికలో చివరి పేజీలు ముందు చదవండి. ఏ ప్రమాణాల ఆధారంగా సిఫారసు చేశారో అక్కడ ఉంటుంది. ఆ ప్రమాణాలను ఒక కాగితం మీద ఎడమవైపు వరుసగా రాసి, కుడివైపు ఖాళీ వదలండి. మీ పని ఆ ఖాళీని నింపడమే. ఇంగ్లాండులో ఒకరి కిటికీ నుంచి కనిపించే దృశ్యం పోవడాన్ని గానీ, ఇంటి ధర పడిపోవడాన్ని గానీ ప్రణాళిక నిర్ణయాల్లో సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. వెలుతురు తగ్గడం, గోప్యత పోవడం, రోడ్డు భద్రత, పార్కింగ్ ఒత్తిడి వంటివి తీసుకుంటారు. మీ చోటి జాబితా వేరుగా ఉండవచ్చు, కానీ జాబితా అంటూ ఒకటి ఉంటుంది. “మా వీధి వాతావరణం చెడిపోతుంది” అన్న వాక్యానికి ఎదురుగా ఏ ప్రమాణమూ కనబడకపోతే, ఆ వాక్యాన్ని కొట్టివేయండి. ఎంత బాధ కలిగినా కొట్టివేయవలసిందే.

అందరూ చెడగొట్టే మెట్టు: పార్కింగ్ లెక్క

ఇక్కడ నెమ్మదిగా చదవమని కోరుతున్నాను. అభ్యంతరాలలో సగం పార్కింగ్ గురించే ఉంటాయి, వాటిలో దాదాపు అన్నీ “ఇప్పటికే బండి పెట్టుకోవడానికి చోటు లేదు” అన్న ఒక్క మాటతో ముగుస్తాయి. చోటు లేదంటే ఎన్ని చోట్లు, ఎన్ని బండ్లు, ఏ వేళ, ఏ రోజు? దరఖాస్తుదారుడి తరఫు ఇంజినీరు సరిగ్గా ఈ నాలుగు ప్రశ్నలే అడుగుతాడు.

మొదట హద్దు గీయండి. లండన్‌లోని లాంబెత్ బరో (స్థానిక పాలనా విభాగం) పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతి నివాస భవనాలకు స్థలం నుంచి 200 మీటర్ల నడక దూరాన్ని హద్దుగా పెడుతుంది. నేను దానినే వాడతాను, మీరూ వాడండి. పటం మీద వృత్తం గీస్తే కుదరదు. మధ్యలో గోడో కాలువో ఉంటే వృత్తంలోని వీధికి నడిచి వెళ్లడానికి అర కిలోమీటరు పట్టవచ్చు. కాళ్లతో నడిచి కొలవాలి.

తరువాత బండ్లను కాదు, చోట్లను లెక్కించాలి. దీన్ని పట్టపగలు చేయండి. గుర్తులు గీసి ఉంటే ఎంచితే సరిపోతుంది. లేకపోతే రోడ్డు అంచును టేపుతో కొలిచి, వరుసగా నిలిపే కారుకు 6 మీటర్ల చొప్పున భాగించాలి. కొలిచేటప్పుడు మలుపులు, గేట్ల ఎదురు, బస్ స్టాప్, ఫైర్ హైడ్రంట్ పక్క, పార్కింగ్ నిషేధించిన భాగం అన్నీ వదిలేయాలి. రెండు గేట్ల మధ్య 11 మీటర్లు ఉంటే అక్కడ ఒకే కారు పడుతుంది. 11ని 6తో భాగించి 1.8 అని రాసుకొని, చివర్లో అన్నింటినీ కూడి పూర్ణాంకం చేసేవారు లేని చోట్లను కాగితం మీద సృష్టిస్తారు. ప్రతి ముక్కను విడిగా కిందికి దించి రాయండి.

ఇక బండ్లు. ఇళ్లున్న వీధిలో ఒత్తిడి అందరూ నిద్రపోయాక తెలుస్తుంది. లాంబెత్ పద్ధతి ప్రకారం పనిదినాల్లో రెండు వేర్వేరు రాత్రులు, పన్నెండున్నర నుంచి ఐదున్నర మధ్య లెక్క తీస్తారు. దుకాణాల వీధి అయితే మధ్యాహ్నమూ సాయంత్రమూ గంటకొకసారి తిరగాలి. ఒకే కారు రోజంతా కదలకుండా ఉందా, పది కార్లు మారాయా అన్నది తెలియడానికి నంబరులో చివరి రెండు అంకెలు రాసుకుంటే చాలు. పూర్తి నంబర్లు రాయకండి, ఫోటోలు తీయకండి. అర్ధరాత్రి టార్చి వేసుకొని ఒకరి కారు నంబరు రాసుకొనే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇద్దరు వెళ్లాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి, వీధికి ఒక పక్కే చూసుకుంటూ చివరి వరకు వెళ్లి, రెండో పక్క చూసుకుంటూ తిరిగి రావాలి. అడ్డంగా అటూ ఇటూ చూస్తూ నడిచినవారి లెక్క రెండోసారి ఎప్పుడూ కుదరలేదు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఒకసారి రెండు రాత్రులు శ్రద్ధగా లెక్క తీసి, నీటుగా పట్టిక వేసి తీసుకువెళ్లాను. అవతలి ఇంజినీరు తేదీలు చూసి, “ఇవి వరుస సెలవులు కదండీ?” అని మాత్రం అడిగాడు. సగం వీధి ఊళ్లో లేని రాత్రులవి. అందుకే ఖాళీలు ఎక్కువగా కనబడ్డాయి, అంటే ఆ తప్పు నా వాదనకే నష్టం చేసింది. అయినా తప్పు తప్పే. సెలవులు, పండుగలు, వర్షం పడిన రాత్రులు, రోడ్డు తవ్విన వారాలు వదలండి. తేదీ, వారం, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ కాగితం పైభాగాన రాయండి.

ఇప్పుడు అంకెలు. ఉదాహరణకు మీ హద్దులో 64 చోట్లు ఉన్నాయి, రెండు రాత్రుల్లోనూ 57 నిండాయి అనుకుందాం. అది 89 శాతం. పార్కింగ్ మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికాలోని యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) ఆచార్యుడు డొనాల్డ్ షూప్, రోడ్డు పక్క చోట్లలో సుమారు 85 శాతం నిండి, ప్రతి వీధిలోనూ ఒకటో రెండో ఖాళీగా ఉండడం మేలన్నారు. ఆ గీత మీరు దాటారు. కొత్త భవనంలో 24 ఫ్లాట్లు, 12 పార్కింగ్ చోట్లు ఉంటే, ఫ్లాటుకు రెండు కార్లని గుండెలు బాదుకోకండి. అదే వీధిలో, అదే పరిమాణంలో ఉన్న భవనాన్ని చూడండి: అక్కడ 20 ఫ్లాట్లకు 16 కార్లుంటే ఫ్లాటుకు 0.8. అంటే 24 ఫ్లాట్లకు 19 కార్లు, అందులో 12 లోపలే ఉంటాయి, 7 బయటికి వస్తాయి. 57కు 7 కలిపితే 64. వీధి చివరి చోటుతో సహా నిండిపోతుంది. ఈ ఒక్క కూడిక ముందు బ్యానర్లూ నినాదాలూ ఎందుకూ కొరగావు.

ఒకవేళ లెక్క 60 శాతం అని తేలితే, పార్కింగ్ మాట ఎత్తకండి. దాచిపెట్టి పాత వాదనే చేద్దామనుకొనేవారు చాలామంది ఉంటారు. అవతలివారు తమ సర్వే తెస్తే, ఆ తరువాత మీరు వెలుతురు గురించి చెప్పిన నిజం కూడా ఎవరూ నమ్మరు.

ఇంకొక జాగ్రత్త. కనీస పార్కింగ్ నిబంధన, అంటే కొత్త భవనంలో కనీసం ఇన్ని పార్కింగ్ చోట్లు ఉండాలన్న నియమం, మీ నగరంలో ఉందో లేదో చూసుకోండి. లండన్ 2004లోనే కనీసాన్ని వదిలి గరిష్ఠ పరిమితి వైపు వెళ్లింది; అమెరికాలో బఫలో 2017లో, మినియాపొలిస్ 2021లో నగరమంతటా కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తివేశాయి. వాటి తర్కంలో బలం ఉంది. కనీసాలకు ఆధారంగా చూపే అమెరికన్ పట్టికల్లో చాలా అంకెలు గుప్పెడు సర్వేల మీద నిలబడ్డవని షూప్ చూపించారు. అలాంటి నిబంధన లేని చోట “పార్కింగ్ చాలదు” అన్న కారణంతో దరఖాస్తును తిరస్కరించమంటే కౌన్సిల్ చేయగలిగింది తక్కువ. అప్పుడు అదే లెక్కను చూపి, వీధిలో నివాసితుల పర్మిట్లో, సమయ పరిమితో, దుకాణానికి సరుకు దించే వేళల షరతో అడగాలి.

నిజానికి నిబంధన ఉన్న చోట కూడా నేను షరతునే ముందు అడుగుతాను. “అనుమతి ఇవ్వకండి” అంటే సభ్యులు అవునో కాదో తేల్చాలి, చాలాసార్లు కాదనే తేలుస్తారు. “భవనంలోకి ఎవరూ దిగకముందే 19 చోట్లు పూర్తి చేసి గుర్తులు గీయాలి” అంటే, తీర్మానంలో చేర్చదగిన వాక్యం వారి చేతికి వచ్చినట్టే. “తగినంత పార్కింగ్ కల్పించాలి” అన్న షరతును ఎవరూ అమలు చేయలేరు.

కాగితం మీద

ఒకే పేజీ రాయాలి. పైన దరఖాస్తు నంబరు, తరువాత ప్రమాణం, దాని కింద మీ లెక్క, దాని కింద మీరు కోరే షరతు. పటమూ పట్టికా వెనక జతచేయండి. పొరుగువారు మద్దతు ఇస్తామంటే, ఒకే నకలు మీద సంతకాలు పెట్టించకుండా, ఎవరి కిటికీకి ఏం జరుగుతుందో వారినే వేర్వేరుగా రాయమనండి. గడువుకు ముందే ఇచ్చి, అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి.

సభ్యులను ఇంటికి వెళ్లి కలవడం గురించి చాలామంది అడుగుతారు. ఒక దరఖాస్తును తేల్చే సందర్భంలో అది ప్రమాదకరం. అమెరికాలో చాలాచోట్ల అలాంటి ఏకాంత సంభాషణను సభ్యుడు బహిరంగంగా వెల్లడించాలి, కొన్నిసార్లు ఓటుకు దూరంగా ఉండవలసి వస్తుంది. మీ వైపు ఉన్న ఓటును మీరే పోగొట్టుకున్నవారవుతారు.

సమావేశంలో

సాధారణంగా మూడు నిమిషాలిస్తారు, రెండు నిమిషాలకే రాసుకోండి. పేరు, స్థలానికి మీ ఇల్లు ఎంత దూరమో చెప్పి, నేరుగా లెక్కలోకి వెళ్లండి. కాగితం చదవకండి; అది వారి ముందే ఉంది. దరఖాస్తుదారుడి ఉద్దేశాల జోలికి వెళ్లకండి. ప్రశ్న వస్తే, తెలిసినంతే చెప్పి కూర్చోండి.

ఆ తరువాత

చదివి వినిపించిన తీర్మానాన్ని నమ్ముకోకుండా, ధ్రువీకరించిన ప్రతి తెచ్చుకోండి. మీరు విన్న షరతు రాతలో లేకపోవడమూ, 19 అన్నది 12గా మారడమూ నేను చూశాను. అప్పీలుకు గడువు ఉంటే అది తీర్మానం చేసిన రోజు నుంచా, ప్రతి మీ చేతికి అందిన రోజు నుంచా అన్నది కౌంటరు దగ్గరే అడిగి, ప్రతి మీదనే ఆ తేదీ రాసుకోండి.