లా హే సాంత్ మోడల్: ఎక్కడ తేడా కొడుతోంది?

1815 జూన్ 18న వాటర్లూ యుద్ధంలో, నెపోలియన్ ఫ్రెంచి సేన చేతికి చిక్కకుండా మేజర్ బారింగ్ దళం సాయంత్రం దాకా పట్టు వదలకుండా కాపాడిన రైతు ఇల్లు లా హే సాంత్. 28 మి.మీ. ఎత్తు సైనికుల బొమ్మలతో టేబుల్ మీద వార్‌గేమ్ (యుద్ధం ఆట) ఆడేవాళ్లకు దీన్ని కట్టాలని సరదా. కట్టాక వచ్చే తంటాలు మాత్రం దాదాపు అందరికీ ఒకటే.

సమస్య: తలుపు ముందు సైనికుడు రాక్షసుడిలా ఉన్నాడు.
ఇల్లు రైల్వే మోడల్‌ది అయ్యుంటుంది. రెండు మీటర్ల తలుపు 1/87 స్కేల్‌లో 23 మి.మీ. వస్తుంది, అంటే బొమ్మ భుజం దాకా కూడా రాదు. ఈ బొమ్మలకు సరిపోయే 1/56లో అదే 36 మి.మీ. బొమ్మ కాళ్ల కింది బేస్ (పీట) మందం కూడా కలిపి 39 పెట్టండి.

సమస్య: ముంగిట్లో బొమ్మలు పట్టడం లేదు.
50 మీటర్ల స్థలం 1/56లో దాదాపు 90 సెం.మీ. అంత చోటు ఎవరి టేబుల్ మీద ఉంటుంది? అందుకని అన్నీ కలిపి కుదించేస్తారు, ముంగిలి కాస్తా సందులా తయారవుతుంది. భవనాల పొడవు తగ్గించండి, ఒకటి రెండు కిటికీలు పోతే పోనివ్వండి. ముంగిలి మాత్రం మీ బేస్‌లు కొలిచి వదలండి. పైకప్పులు ఊడొచ్చేలా ఉంటే ఆట సాఫీగా సాగుతుంది.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నా కోటలా కనిపిస్తోంది.
నా దృష్టిలో అసలు తేడా కొట్టేది ఇక్కడే. గోడ నిండా తుపాకీ రంధ్రాలు పొడిచి, తలుపులన్నీ బిగించేస్తాం. ఆ రోజు అంత ఏర్పాటు లేదు. గోడలు తవ్వే పయనీర్లను (పనిముట్లున్న సైనికులను) దగ్గర్లోని మరో కోట లాంటి రైతు ఇల్లు ఊగోమాంట్‌కు పంపేశారు, బారింగ్ చేతిలో పనిముట్లే లేవు. ముందు రాత్రి వానలో తడిసిన సైనికులు ధాన్యపు కొట్టం పడమటి తలుపును వంటచెరుకు కింద కాల్చేశారు. ఫ్రెంచివాళ్లు పదేపదే ఎగబడింది ఆ ఖాళీ ద్వారం మీదికే. కాబట్టి రంధ్రాలు నాలుగైదుకు మించనివ్వకండి, కొట్టానికి తలుపే పెట్టకండి. ముంగిట్లో చిన్న నీటిగుంట తప్పనిసరి. కొట్టం అంటుకున్నప్పుడు వంట గిన్నెలతో నీళ్లు తోడి మంటలార్పింది అక్కడి నుంచే. ఒడ్డున రెండు గిన్నెలు దొర్లించి పెడితే ఇంకా బాగుంటుంది.

సమస్య: కాలం కలవడం లేదు.
ముళ్లతీగ, గుండ్రటి గడ్డి బేళ్లు ఉన్నాయేమో చూడండి. నేడు మనం చూసే ముళ్లతీగకు పేటెంట్ వచ్చిందే 1874లో. వాటి బదులు పొదల కంచె, గడ్డివాము, పెంటకుప్ప పెట్టండి.

సమస్య: నేల పచ్చగా, పొడిగా పార్కులా ఉంది.
17వ తేదీ రాత్రంతా కుండపోత. ముంగిట్లో గడ్డి పరచకండి, ముదురు గోధుమ రంగు బురద వేసి, బండి చక్రాల గాళ్లలో మాత్రమే తడిలా మెరిసే గ్లాసీ వార్నిష్ పూయండి. చుట్టూ రై (గోధుమ లాంటి ధాన్యం) పంట మనిషెత్తున ఉండేది. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ముక్కలు కోసి అతికిస్తే అచ్చం అలాగే ఉంటుంది. దళాలు నడిచిన దారిలో తొక్కి పడుకోబెట్టండి.

సమస్య: ఇల్లు నిలబెట్టిన అడుగు పలక వంకర తిరిగింది, థర్మాకోల్ కరిగింది.
ఫెవికాల్ తడి ఒకవైపే పడితే ఎండీఎఫ్ (చెక్కపీచు పలక) వంగుతుంది. రెండువైపులా ప్రైమర్ కొట్టి, రాత్రంతా బరువు పెట్టండి. థర్మాకోల్ కరగడం స్ప్రే డబ్బాలోని సాల్వెంట్ పని. ముందు ఫెవికాల్ పూత వేసి పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన యాక్రిలిక్‌ను బ్రష్‌తోనే వేయండి.