తప్పు చేసి దేవుడి దగ్గరకు తిరిగి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఎన్నో ఏళ్లుగా చర్చికి వస్తూ, పాటలు పాడుతూ, కానుక వేస్తూ, లోపల మాత్రం ఒక్క విషయం దగ్గర గడియ పెట్టుకొని కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఆరేళ్లు అలాగే కూర్చున్నాను. అమ్మ పోయిన మర్నాడు బీరువాలో చీరల మడతల కింద పసుపు గుడ్డలో చుట్టిన 40 వేలు దొరికాయి. అక్కకు చెప్పకుండా తీసుకున్నాను. బైక్ లోన్ కట్టేశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ బైక్ మీదే చర్చికి వెళ్లాను, "ప్రభువా, నా పాపాలు క్షమించు" అని కళ్లు మూసుకొని ప్రార్థన చేశాను, ఏడ్చాను కూడా. ఏమీ మారలేదు. ఎందుకు మారలేదో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది, మీకు అంత కాలం పట్టకూడదని ఇదంతా చెబుతున్నాను.

ముందు మాట సంగతి. మనం పశ్చాత్తాపం అంటాం. తర్వాత పుట్టే తాపం, మంట అని దాని అర్థం. మంచి మాటే, కానీ మంట ఒక్కటే అయితే అది మనిషిని కాల్చి వదిలేస్తుంది. మన తెలుగు బైబిల్లో దానికంటే గొప్ప మాట ఉంది, మారుమనస్సు. గ్రీకులో మెటనోయా అన్నదానికి సరిగ్గా సరిపోయే మాట అది. పాత నిబంధనలో ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట షూబ్ ఇంకా తేలిక, తిరుగు, వెనక్కి మళ్లు అని. అంటే ఎంత బాధపడ్డాం అన్నది కాదు, ఎటు తిరిగాం అన్నదే లెక్క.

ఇది ఊరికే మాటల తేడా అనుకోకండి. యేసు శిష్యులైన యూదానూ పేతురునూ పక్కపక్కన పెట్టి చూడండి. యూదా బాధపడ్డాడు. "పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు. యేసును పట్టిచ్చినందుకు తీసుకున్న 30 వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. పైకి చూస్తే మనం చేయమనేవన్నీ చేశాడు. కానీ ఆ మాట ఎవరికి చెప్పాడు? ప్రధానయాజకులకు. వాళ్లు "దానితో మాకేమి, నీవే చూచుకొనుము" అన్నారు. అతను అక్కడే ఆగిపోయాడు, యేసు వైపు తిరగలేదు. పేతురు కూడా అదే రాత్రి మూడుసార్లు "ఆయన ఎవరో నాకు తెలియదు" అన్నాడు, సంతాపపడి ఏడ్చాడు, కానీ తర్వాత సముద్రం ఒడ్డున ప్రభువు కనబడగానే పడవ ఒడ్డుకు చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దూకాడు. యోహాను సువార్త చదివేటప్పుడు ఒకటి గమనించండి. పేతురు ప్రభువును ఎరగనన్నది చలి కాచుకోడానికి వేసిన నిప్పుల దగ్గర, 18వ అధ్యాయంలో. 21వ అధ్యాయంలో ఒడ్డుకు వచ్చేసరికి అక్కడా నిప్పులు, వాటిమీద చేపలు, పక్కన రొట్టె. మూడుసార్లు కాదన్నవాడిని మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. తప్పు జరిగిన చోటులాంటి చోటే మళ్లీ చూపించాడు, కానీ ముందు టిఫిన్ పెట్టాడు.

(ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా "నేను బతికి ఉండటమే దండగ" అన్న ఆలోచన వస్తుంటే, మిగతా వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే ఎవరికైనా ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోతే ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి చేయండి. ప్రార్థన తర్వాత చేద్దురు గానీ.)

సరే, ఇప్పుడు మొదలుపెట్టే పద్ధతి. 51వ కీర్తన తెరవండి. దావీదు మొదటి మాటలోనే తన పాపం ఎత్తలేదు. "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము" అన్నాడు. ముందు ఆయన కృప, ఆ తర్వాత వాత్సల్యం, అప్పుడు గానీ తన అతిక్రమాలు రాలేదు. మనం తిరగేసి చేస్తాం. ముందు మనల్ని మనం గంటసేపు తిట్టుకొని, ఇంత తిట్టుకున్నాను కాబట్టి ఇక కనికరిస్తాడేమో అనుకుంటాం. అలా కాకుండా ఎవరి దగ్గరకు వెళుతున్నారో ముందు గుర్తు తెచ్చుకోండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య మేడిచెట్టు మీద ఉండగానే, ఇంకా ఒక్క పైసా తిరిగి ఇవ్వకముందే, "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నవాడు ఆయన. తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చి ఏం చెప్పాలో దారిలో అప్పచెప్పుకుంటూ వచ్చాడు కదా, "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అని. ఆ మాట అతని నోట రానే లేదు, ఈలోపే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు. ఇది నమ్మకపోతే మీ ఒప్పుకోలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే స్టేట్‌మెంట్‌లా ఉంటుంది, దాచగలిగినంత దాచుకుంటూ చెబుతారు.

తర్వాత పాపానికి దాని పేరు పెట్టండి. నేను ఆరేళ్లు తప్పింది ఇక్కడే. "తెలిసీ తెలియక ఏవైనా తప్పులు చేసి ఉంటే క్షమించు ప్రభువా" అనేవాడిని. ఆ "ఉంటే" అనే మాట తీసేయండి. తెలియక ఏంటి, పసుపు గుడ్డ విప్పి రెండుసార్లు లెక్కపెట్టాను కదా! దావీదు రాజు కూడా ఊరియా భార్యను తీసుకొని, అతన్ని యుద్ధంలో చంపించి, బిడ్డ పుట్టేదాకా, అంటే తొమ్మిది నెలలు, ఆ సంగతి నోరెత్తలేదు. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెబితే దావీదు కోపంతో తీర్పు చెప్పాడు, అప్పుడు నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దానికి దావీదు జవాబు ఎంత చిన్నదో చూడండి, యెహోవాకు విరోధంగా పాపం చేశాను అని, అంతే. పరిస్థితులు, ఒత్తిడి, యుద్ధం టెన్షన్, ఏదీ చెప్పలేదు.

అందుకే ఒక కాగితం తీసుకోండి, ఫోన్ నోట్స్‌లో వద్దు. ఏం చేశారు, ఎవరికి చేశారు, దాన్ని కప్పడానికి ఇంకేం చేశారు, ఈ మూడే రాయండి. నేను రాసింది రెండు లైన్లు: "అక్కకు రావలసిన డబ్బు దొంగిలించాను. అమ్మ ఏమీ దాచలేదని అక్కతో అబద్ధం చెప్పాను." దొంగిలించాను అన్న మాట రాయడానికి చెయ్యి ఆగింది. మొదట "వాడుకున్నాను" అని రాసి కొట్టేశాను. ఆ కొట్టివేత దగ్గరే నాకు నిజంగా ప్రార్థన మొదలైంది. మాటలు రాకపోతే యేసు చెప్పిన కథలో దేవాలయంలో దూరంగా నిలబడిన సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడి మాటలు వాడుకోండి, "దేవా, పాపినైన నన్ను కరుణించుము", నాలుగే మాటలు, యేసు వాటికి పాస్ మార్కులు వేశాడు. కన్నీళ్లు రాకపోయినా పర్వాలేదు, కొందరికి ఏడుపు రాదు, అది లోపం కాదు. అయ్యాక ఆ కాగితం చించేయండి.

ఇక అందరూ దాటేసే భాగం, తిరిగి ఇవ్వడం. లేవీయకాండం 6వ అధ్యాయంలో ఒకరి సొమ్ము మోసంతో ఉంచుకున్నవాడు అసలుతో పాటు అయిదో వంతు కలిపి సొంతదారుడికి ఇవ్వాలని ఉంది, అది కూడా తన అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే. అంటే దేవుడితో లెక్క వేరు, అక్కతో లెక్క వేరు అనుకోడానికి వీల్లేదు. నేను 40 వేలకు 8 వేలు కలిపి 48 వేలు సిద్ధం చేసుకొని ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే అక్క ఏడుస్తుందనీ, "పోనీలేరా" అంటుందనీ అనుకున్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: "అమ్మ జ్ఞాపకార్థ కూడికకి నేను వడ్డీకి తెచ్చిన రోజు కూడా ఆ డబ్బు నీ దగ్గరే ఉందారా?" ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది, ఏడాదిన్నర కట్టింది. నా అయిదో వంతు లెక్క ఆ వడ్డీకి చాలలేదు. కట్టిన వడ్డీ మొత్తం కనుక్కొని, తగ్గింది నెలనెలా పంపాను.

దీని నుంచి నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుంది: నష్టం ఎంతో నష్టపోయినవాళ్లను అడగండి, మీరు ఇంట్లో కూర్చొని లెక్క కట్టొద్దు. క్షమించమని అడగండి, కానీ వెంటనే క్షమించాలని పట్టుబట్టొద్దు. "దేవుడే నన్ను క్షమించాడు, నువ్వెందుకు క్షమించవు" అన్న మాట చాలా ఇళ్లలో విన్నాను, దయచేసి ఆ మాట అనొద్దు. ముఖ్యంగా ఇంట్లో చెయ్యి చేసుకున్నవాళ్లు, మీరు మారామని చెప్పగానే భార్య తిరిగి వచ్చేయాలని అడిగే హక్కు మీకు లేదు. చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ఉంటే చెప్పండి. తిరిగి ఇవ్వాల్సిన మనిషి చనిపోతే వాళ్ల పిల్లలకు ఇవ్వండి. ఇంకొకటి, అక్కకు ఇవ్వాల్సినది తీసుకెళ్లి చర్చిలో కానుక వేస్తే అది తిరిగి ఇచ్చినట్టు కాదు. ఫలానా మొత్తం వేస్తే శాపం పోతుందని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఒక మనిషికైనా చెప్పండి. కతోలికులకు పాపసంకీర్తనం ఉంది, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఆయన దగ్గర చెప్పింది బయటకు రాదు, అది ఎంత మేలో మా వైపు సంఘాల్లో చాలామందికి తెలియదు. మనలాంటివాళ్లకు యాకోబు పత్రిక 5:16 ఉంది, ఒకనితో ఒకడు ఒప్పుకోమని. ఒకనితో, వాట్సాప్ ప్రార్థన గ్రూపుతో కాదు. నోరు జాగ్రత్తగా ఉన్న పెద్దమనిషిని ఒకరిని చూసుకోండి, పాస్టర్ గారే కానక్కర్లేదు. స్టేజి ఎక్కి సాక్ష్యం చెప్పమంటే కొన్నాళ్లు ఆగండి, అందులో మీ అక్క కథ కూడా ఉంది, ఆవిడ ఒప్పుకోవాలి.

మళ్లీ పడితే? తాగుడు, ఫోన్‌లో చూడకూడనివి, పేకాట, ఇలాంటివి ఒక్క ప్రార్థనతో అందరికీ పోవు. పడిన రోజే లేవండి, ఆదివారం దాకా ఆగొద్దు. దారి మార్చండి, అంటే నిజంగానే దారి, ఇంటికొచ్చేటప్పుడు మద్యం షాపు లేని వీధి. అవసరమైతే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, అది విశ్వాసం తక్కువై కాదు. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని అడిగింది పేతురే. ఏడు డెబ్బదుల మారులు అని ప్రభువు చెప్పిన లెక్క తర్వాత తనకే అవసరమవుతుందని ఆ రోజు అతనికి తెలియదు.

రాత్రిళ్లు పాత నేరం మళ్లీ గుండెల మీద కూర్చుంటుంది. అప్పుడు కొత్తగా ఒప్పుకోవడం మొదలుపెట్టకండి. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అన్న మాట పైకి చదవండి. అది సుఖంగా ఉన్నప్పుడు రాసింది కాదు, యెరూషలేము కాలి బూడిదయ్యాక విలాపవాక్యములు అనే గ్రంథం మధ్యలో, 3వ అధ్యాయంలో, ఏడుస్తూ రాసింది.

చివరగా సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడం గురించి. "నాకు యోగ్యత లేదు" అని ఏళ్ల తరబడి రొట్టె ముట్టనివాళ్లు మన సంఘాల్లో బోలెడుమంది, వెనక బెంచీలో తల వంచుకొని కూర్చుంటారు. 1 కొరింథీయులు 11:28 చివరిదాకా చదవండి. తన్ను తాను పరీక్షించుకొని, "ఆలాగుచేసి" ఆ రొట్టె తినాలని ఉంది. పరీక్షించుకొని మానేయమని లేదు. అక్క ఇప్పటికీ నాతో ముందులా మాట్లాడదు, పండక్కి ఫోన్ చేస్తే పిల్లల గురించి అడిగి పెట్టేస్తుంది. డబ్బు పంపిన తర్వాతి ఆదివారం పాస్టర్ గారు పళ్లెం పట్టుకొని మా వరసలోకి వచ్చినప్పుడు, నేను చెయ్యి చాపాను.