పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు హబ్బు బేరింగులు బిగించడం ఎలా?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఎత్తు పెంచడం, రెండో పని పెద్ద టైర్లు వేయించడం. ముందు హబ్బులు (చక్రాన్ని బిగించే, బేరింగుల మీద తిరిగే మధ్య భాగాలు) విప్పి చూసేవారు అరుదు. వెడల్పాటి రిమ్ము వేసి చక్రాన్ని బయటికి జరిపినకొద్దీ హబ్బులోని బయటి బేరింగు మీద భారం పెరుగుతుంది. ఆ బేరింగే లోపలిదానికన్నా చిన్నది. అందులోని గ్రీజు ఎన్నేళ్ల కిందటిదో ఎవరికీ తెలియదు. అందుకే ముందు హబ్బులు బాగుచేయాలి, ఆ తర్వాతే మిగతా సింగారం. ఈ వరుస మార్చవద్దు.

ఇక్కడ చెప్పేది ముందు వైపు సాలిడ్ ఆక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులు (చక్రాన్ని ఆక్సిల్‌కు కలిపే, విడదీసే భాగాలు), డిస్క్ బ్రేకులు ఉన్న బండ్ల గురించి. పాత టయోటా హైలక్స్, ల్యాండ్ క్రూయిజర్ 60, 70 సిరీస్‌లు ఈ కోవలోకి వస్తాయి.

ముందుగా ఒక పరీక్ష

చక్రాన్ని పైకి లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే మరొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. కదలిక ఆగిపోతే లోపం హబ్బు బేరింగులది. ఆగకపోతే స్టీరింగు నకిల్ (చక్రాన్ని పక్కలకు తిప్పే భాగం)లోని కింగ్‌పిన్ బేరింగులది, అది వేరే పని. ఈ చిన్న పరీక్ష చేయకుండా హబ్బు బేరింగులు మార్చేసి, ఊగడం తగ్గలేదని తలపట్టుకునేవారిని ఎందరినో చూశాను.

కావలసినవి

జాకీ, స్టాండ్లు, చక్రాలకు అడ్డాలు, టార్క్ రెంచ్, సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు) ప్లయర్, ఇత్తడి కడ్డీ, స్ప్రింగ్ త్రాసు, హబ్బు నట్టుకు సరిపోయే సాకెట్ (పైన చెప్పిన టయోటాలకు 54 మి.మీ.). కొత్త సీళ్లు, కొత్త లాక్ వాషర్లు, గాస్కెట్లు. ఆ సాకెట్ దొరికేదాకా పని మొదలుపెట్టవద్దు. ఉలి, సుత్తితో ఆ నట్టును కొట్టి తిప్పేవారు నట్టు అంచులతో పాటు స్పిండిల్ (హబ్బు తిరగడానికి ఆధారమైన, తాను తిరగని గొట్టం) మరలనూ పాడుచేస్తారు. అలా బిగించిన నట్టు ఎంత బిగిసిందో చెప్పే మార్గమే లేదు.

విప్పడం

వెనుక చక్రాలకు అడ్డాలు పెట్టి, ఆక్సిల్‌ను స్టాండ్ల మీద నిలిపి, చక్రం తీసేయండి. బ్రేకు కాలిపర్‌ను విప్పి తీగతో పైకి కట్టండి, గొట్టానికి వేలాడదీయవద్దు. లాకింగ్ హబ్బును ఫ్రీలో పెట్టి మూత తీసి, ఆక్సిల్ కొనన ఉన్న సర్‌క్లిప్ తీయండి. హబ్బు బాడీని పట్టి ఉంచే స్టడ్డులకు శంకువు ఆకారపు వాషర్లుంటాయి. నట్లను స్టడ్డు చివరి దాకా వదులు చేసి, ఇత్తడి కడ్డీ ఆనించి గట్టిగా ఒక దెబ్బ వేస్తే అవి వాటంతటవే బయటికి వస్తాయి. స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు. ఆ తర్వాత లాక్ వాషర్ చెవులు సరిచేసి, లాక్ నట్టు (బయటిది), వాషర్, సర్దుబాటు నట్టు (లోపలిది, బేరింగు బిగింపును నిర్ణయించేది) తీసి హబ్బును బయటికి లాగండి.

పాత గ్రీజును తుడిచేసే ముందు ఒకసారి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగాయి. పల్చగా, గేరు ఆయిల్ వాసనతో ఉంటే ఆక్సిల్ లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి, అక్కడి నుంచి హబ్బులోకి వస్తోందన్నమాట. ఆ సీలు మార్చకుండా ఎంత మంచి గ్రీజు పెట్టినా కొద్ది రోజుల్లో కొట్టుకుపోతుంది.

బేరింగులను కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టండి. గాలి గొట్టంతో గిర్రున తిప్పవద్దు, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) విడిపోయి రోలర్లు ఎగిరి తగలవచ్చు. రోలరు మీద నీలం రంగు, చిన్న గుంటలు, కప్పు (హబ్బులో బిగిసి ఉండే బేరింగు బయటి రింగు) మీద రోలర్ల అచ్చులు కనిపిస్తే బేరింగును, దాని కప్పును కలిపి మార్చాలి. పాత కప్పులో కొత్త బేరింగు వేయడం పొదుపు కాదు. కొత్త కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొడుతూ దించండి. అది అడుగుకు ఆనగానే దెబ్బ శబ్దం మారి ఖంగుమంటుంది. ఆ శబ్దం వచ్చేదాకా ఆపవద్దు.

గ్రీజు లిథియం కాంప్లెక్స్, ఎన్‌ఎల్‌జీఐ 2 (గ్రీజు చిక్కదనపు గ్రేడు) రకం వాడండి. పాతదాన్ని పూర్తిగా తీసేశాకే కొత్తది పెట్టాలి, ఎందుకంటే అన్ని గ్రీజులూ ఒకదానితో ఒకటి కలవవు. అరచేతిలో ముద్ద తీసుకుని బేరింగు వెడల్పు అంచును దానికి అదుముతూ, రెండో వైపు రోలర్ల సందుల్లోంచి గ్రీజు బయటికి వచ్చేదాకా ఎక్కించండి. పైపైన పూస్తే సరిపోదు. సీలు పెదవికీ కొంచెం రాయండి. పాత సీలు ఎంత బాగున్నట్టు కనిపించినా తిరిగి వాడవద్దు.

అసలు పని: బిగింపు

ఇంతవరకు చేసినది ఎవరైనా చేయగలరు. పని చెడేది ఇక్కడే.

బేరింగు వదులుగా ఉంటే డిస్కు అటూ ఇటూ ఊగి బ్రేకు ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, పెడల్ లోతుకు పోతుంది. గతుకుల్లో రోలర్లు కప్పును కొట్టుకుంటాయి, లోపలి రింగు స్పిండిల్ మీద తిరిగి దాన్ని అరగదీస్తుంది. మరీ బిగిస్తే వేడెక్కి గ్రీజు కరిగిపోతుంది, బేరింగు పట్టేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం చాలా తక్కువ.

“గట్టిగా బిగించి పావు తిప్పు వెనక్కి వదులు” అనే సలహా అందరి నోటా వినిపిస్తుంది. మర పిచ్ (ఒక పూర్తి తిప్పుకు నట్టు జరిగే దూరం) 1.5 మి.మీ. అనుకుందాం. పావు తిప్పు అంటే దాదాపు 0.37 మి.మీ. ఖాళీ. స్వల్పంగా బిగిసి ఉండాల్సిన బేరింగుకు అది చాలా పెద్ద వదులు. చేతి అంచనా మీద నాకు నమ్మకం లేదు. త్రాసు చూపించేదే లెక్క.

పద్ధతి ఇది. హబ్బును, బయటి బేరింగును తిరిగి స్పిండిల్ మీదకు ఎక్కించి సర్దుబాటు నట్టు తొడగండి. కాలిపర్ ఇంకా తగిలించవద్దు, ప్యాడ్ రాపిడి కలిస్తే కొలత తప్పుతుంది. ముందు సర్దుబాటు నట్టును బాగా వదులుగా ఉంచి, త్రాసు కొక్కేన్ని చక్రం స్టడ్డుకు తగిలించి, హబ్బు తిరిగే దిశలో అడ్డంగా లాగండి. అప్పుడు కనిపించేది సీలు రాపిడి, రాసి పెట్టుకోండి. ఇప్పుడు నట్టును టార్క్ రెంచ్‌తో సుమారు 60 న్యూటన్ మీటర్లకు బిగించి, హబ్బును రెండు వైపులా చాలాసార్లు తిప్పండి. రోలర్లు తమ చోట కుదురుకోవడానికి, అదనపు గ్రీజు బయటికి పోవడానికి ఇది తప్పనిసరి. మళ్లీ బిగించి, మళ్లీ తిప్పండి. తర్వాత నట్టును చేత్తో తిరిగేంత వదులు చేసి, కొద్దికొద్దిగా బిగిస్తూ త్రాసుతో కొలవండి. హబ్బు కదలడం మొదలైన క్షణాన వచ్చిన అంకెలోంచి సీలు రాపిడి తీసేయండి. టయోటాల్లో మిగిలేది సుమారు 3 నుంచి 5.5 కిలోల మధ్య ఉండాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. పాత ల్యాండ్ రోవర్ల వంటి కొన్ని బండ్లకు బిగింపు బదులు కొద్దిపాటి ఆటను (వదులు కదలికను) డయల్ గేజ్‌తో (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలమానంతో) కొలవమంటారు. ఒకదాని లెక్క మరొకదానికి వాడితే బేరింగు దక్కదు.

కొలత సరిపోయాక చాలామంది ఊపిరి పీల్చుకుని లాక్ నట్టు బిగించి వెళ్లిపోతారు. అక్కడే తప్పు జరుగుతుంది. లాక్ నట్టు బిగిసినప్పుడు అది సర్దుబాటు నట్టును మరల్లోని సందు మేరకు లోపలికి నెడుతుంది. బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి లాక్ వాషర్ వేసి, లాక్ నట్టును మాన్యువల్ చెప్పిన మేరకు బిగించాక మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే లాక్ నట్టు విప్పి, సర్దుబాటు నట్టును పిసరంత వెనక్కి తీసి, మళ్లీ లాక్ చేసి, మళ్లీ కొలవండి. రెండు మూడు సార్లు పట్టడం మామూలే. లాక్ అయ్యాక వచ్చిన కొలతే అసలు కొలత.

అది కుదిరాక వాషర్ చెవి ఒకటి లోపలికి సర్దుబాటు నట్టు మీదకు, ఇంకొకటి బయటికి లాక్ నట్టు మీదకు మడవండి. ఒకసారి మడిచిన చెవిని మళ్లీ మడిస్తే విరుగుతుంది. కొత్త వాషర్ కొనమన్నది అందుకే.

తిరిగి బిగించడం

ఆక్సిల్ కొనలోని మర రంధ్రంలో ఒక బోల్టు ఎక్కించి బయటికి లాగి పట్టుకుంటే సర్‌క్లిప్ సులువుగా కూర్చుంటుంది. లాకింగ్ హబ్బు లోపల గ్రీజు కుక్కవద్దు. పలుచగా పూయండి చాలు, ఎక్కువైతే చలికి గట్టిపడి హబ్బు సరిగ్గా ఎంగేజ్ కాదు. బండి కదిలించే ముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కండి.

15, 20 కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి, రెండు హబ్బులనూ చేత్తో తాకి పోల్చి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే విప్పండి. కొత్త కప్పులు వేసి ఉంటే కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మొదట చెప్పిన టైరు ఊపే పరీక్ష మరోసారి చేయాలి.

వాగు దాటే బండ్లకు ఇంకో జాగ్రత్త. నడిచి వేడెక్కిన హబ్బు చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు అంచు గుండా నీళ్లను లోపలికి పీలుస్తుంది. దాటే ముందు కాసేపు ఆగి హబ్బులు చల్లారనివ్వండి. లోతైన నీళ్లలో ఎక్కువసేపు నిలిచిపోతే, ఇంటికి వచ్చాక ఒక హబ్బు విప్పి గ్రీజు రంగు చూడండి. తెల్లబడి ఉంటే రెండోది కూడా ఆ రోజే విప్పాలి.