మన ఊరి వరద మ్యాప్ మనమే గీద్దాం – 4వ పాఠం: లోతు తెలిసింది, మరి దెబ్బ ఎవరికి?

పోయిన పాఠంలో కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎం, అంటే నేల ఎత్తుల ఫైలు దించుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కర్నూలు చుట్టూ వంకల గీతలు తీసుకున్నాం కదా, ఆ ప్రాజెక్ట్ తెరిచి పెట్టుకోండి. ఇవాళ ముందు 2009 అక్టోబర్ వరద లోతు మ్యాప్ చేద్దాం, తర్వాత ఆ లోతు ఎవర్ని గట్టిగా కొడుతుందో చూపించే మ్యాప్. చాలామంది మొదటిదాంతోనే ఆగిపోతారు, నీలం రంగు పడగానే పనైపోయింది అనుకుంటారు, కానీ రేపు వరదొస్తే పడవ ముందు ఏ వీధికి పంపాలో ఆ నీలం రంగు చెప్పదు.

మొదలుపెట్టే ముందు ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీదికి మీటర్ల లెక్కలో దించే పద్ధతి, చూసుకోండి. కర్నూలు టౌను 78 డిగ్రీల రేఖాంశానికి కొంచెమే తూర్పున ఉంది కాబట్టి యూటీఎం అనే పద్ధతిలో 44 ఉత్తరం జోన్ పెట్టాలి, మంత్రాలయం, ఆదోని, అనంతపురం వాళ్ళకి మాత్రం 43. ఇది చూసుకోకపోతే తర్వాత దూరాలు, విస్తీర్ణాలు తేడా కొడతాయి.

ఇప్పుడు లోతు. అప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన ఇన్‌ఫ్లో వచ్చింది, పూర్తి మట్టం 885 అడుగులైతే డ్యామ్ దగ్గర నీళ్ళు 896 అడుగులు దాటాయి, అంటే దాదాపు 273 మీటర్లు. సరే, 273 కంటే తక్కువున్న నేలంతా మునిగినట్టే కదా అని రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో (రాస్టర్ అంటే గడి గడికీ ఒక విలువ ఉన్న ఫైలు, మన డీఈఎం అలాంటిదే) ఒక్క లైను రాసేయకండి. నీళ్ళు తొట్టిలో ఉన్నట్టు చదునుగా ఉండవు, ఆ లెవెల్ డ్యామ్ దగ్గరది, కర్నూలు ఉండేది ఎగువన, పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ తోసుకొస్తుంటే కింద బ్యాక్‌వాటర్ అడ్డం నిలబడింది కాబట్టి ఊర్లో నీటిమట్టం డ్యామ్ దగ్గర కంటే పైనే ఉంటుంది. చదునుగా నింపితే మునక తక్కువ చూపిస్తుంది, తక్కువ చూపించే మ్యాప్ అసలు మ్యాప్ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని జనం నమ్ముతారు.

అందుకే గోడ గుర్తులు కావాలి. పాతబస్తీలో అప్పుడు ఉన్నవాళ్ళని అడగండి, నీళ్ళు యాడిదాకా వచ్చినాయప్పా అంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి ఎత్తు టేపుతో కొలవండి, కొలిచేది ఇంటి అరుగు మీంచి కాదు, వీధి నేల మీంచి. ఫోన్‌లో లొకేషన్ తీసుకోండి. ఇలా ఊరంతా చెదురుగా గుర్తులు పోగేసి పాయింట్ లేయర్ చేశాక, శాంపిల్ రాస్టర్ వాల్యూస్ టూల్‌తో ఒక్కో పాయింట్‌కి నేల ఎత్తు తెచ్చుకుని, దానికి గుర్తు ఎత్తు కలపండి. నేల 276 మీటర్లు, గుర్తు 1.8 మీటర్లు అనుకుందాం, అక్కడ నీటిమట్టం 277.8. ఈ పాయింట్లని టిన్ ఇంటర్‌పొలేషన్‌లో, అంటే పాయింట్లని త్రికోణాలుగా కలిపి మధ్య ఖాళీల్లో విలువలు అంచనా వేసే టూల్‌లో, పెడితే నీళ్ళ పైభాగం ఒక రాస్టర్‌గా వస్తుంది, అందులోంచి డీఈఎం తీసేస్తే మిగిలేదే లోతు. మైనస్‌లో వచ్చినవి కొట్టేయండి. నదితో గానీ వంకతో గానీ ఏ దారీ లేకుండా విడిగా కనిపించే గుంటలు కూడా పక్కన పెట్టండి, అక్కడ నిలిచేది వాన నీళ్ళు, దాని లెక్క వేరే.

ఇక్కడ బాగా జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. ఈ డీఈఎం శాటిలైట్ రాడార్‌తో చేసింది, ఇళ్ళు ఒత్తుగా ఉన్న చోట అది చూసేది నేలని కాదు, మిద్దెల పైభాగాన్ని. అంటే పాతబస్తీ లాంటి ఇరుకు వీధులు ఉన్నదానికంటే ఎత్తుగా, భద్రంగా కనిపిస్తాయి, నిజానికి ఎక్కువ మునిగేది అవే. దీనికి పూర్తి మందు లేదు గానీ, ఆర్ డాట్ నైబర్స్ టూల్‌లో చుట్టూ తొమ్మిది గడుల్లో అన్నిటికంటే తక్కువ విలువ తీసుకోమంటే వీధులు, స్కూల్ గ్రౌండ్ల నేల చాలావరకు బయటపడుతుంది. పాయింట్లకి నేల ఎత్తు తెచ్చుకునేది, చివర్లో తీసివేసేది రెండూ ఈ సవరించిన ఫైలుతోనే చేయండి, ఒకటి అదీ ఒకటి ఇదీ కలపొద్దు.

లోతు వచ్చింది కదా, ఇప్పుడు అసలు పని. ఒకే వీధిలో రెండిళ్ళు, రెండింటి ముందూ మీటరున్నర నీళ్ళే. ఒకటి మెట్లున్న రెండంతస్తుల మిద్దె, ఇంకోటి రేకుల ఇల్లు, అందులో మంచం దిగలేని అవ్వ. 2009లో కర్నూల్లో ఎంతోమంది మిద్దెలెక్కే ప్రాణాలు నిలుపుకున్నారు, మరి ఎక్కడానికి మిద్దే లేనివాళ్ళ సంగతి? ఆ తేడా ఏ శాటిలైటూ పట్టివ్వదు, ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే. నేనైతే నాలుగే అడుగుతా: పైకప్పు ఏది, మిద్దెనా రేకులా కొట్టమా, పైకి ఎక్కే దారుందా, సాయం లేకుండా నడవలేని వాళ్ళున్నారా, బతుకుతెరువు సామాను కింద అంతస్తులోనే ఉందా. ఒక్కోదానికి సున్నా నుంచి ఒకటి లోపు మార్కు, ప్రమాదం ఎక్కువైతే మార్కు ఎక్కువ, అన్నీ కలిపితే ఇంటికి ఒక మార్కు; నడవలేని వాళ్ళకి, పైకెక్కే దారికి ఎక్కువ బరువు ఇస్తా, ఎందుకంటే పోయిన సామాను మళ్ళీ కొనుక్కోవచ్చు. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఈ ఫైలులోకి రానివ్వొద్దు, ఏ ఇంట్లో ఒంటరి ముసలివాళ్ళున్నారో చూపించే మ్యాప్ ఎవరి చేతిలోనైనా పడొచ్చు.

తర్వాత లోతుని కూడా సున్నా నుంచి ఒకటికి మార్చి, ఈ మార్కుతో గుణించండి. కూడితే నీళ్ళే రాని చోట కూడా రిస్కు చూపిస్తుంది, గుణిస్తే సున్నా సున్నాగానే ఉంటుంది. వార్డు మొత్తానికి సగటు తీయకండి, హంద్రీ ఒడ్డున ఉన్న కొట్టాలు, అదే వార్డులో మెరక మీదున్న కాలనీ కలిసి మధ్యస్థంగా తేలతాయి, కొట్టాలు మాయమైపోతాయి. వంద మీటర్ల గ్రిడ్ చేసి జోనల్ స్టాటిస్టిక్స్‌లో, అంటే ఒక్కో గడి లోపలి విలువల లెక్క తీసే టూల్‌లో, సగటుతో పాటు గరిష్ఠం కూడా తీయండి. బరువులు కొంచెం అటూఇటూ మార్చి మళ్ళీ రన్ చేయండి, మార్చినా పైన నిలిచే గడులే గట్టివి, పడవలు ముందు అక్కడికి.

కడప వైపు నుంచి చేసేవాళ్ళకి ఈ లెక్క సరిపోదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్ట్ కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊర్లని ముంచింది లోతు కంటే వేగం, లేచి పరిగెత్తే టైమే దొరకలేదు. అక్కడ లోతు స్థానంలో మెరక దాకా నడిచే దూరం పెట్టాలి, గీతలా నేరుగా కాదు, ఉన్న దారుల వెంట.

ఆ నడక దూరం క్యూజీఐఎస్ నెట్‌వర్క్ అనాలిసిస్‌తో ఎలా తీయాలో 5వ పాఠంలో. ఆలోపు క్విక్ఓఎస్‌ఎం ప్లగిన్‌తో మీ ఊరి రోడ్లు, సందులు దించుకుని పెట్టండి, అవి వచ్చేది ఎవరైనా గీసి చేర్చగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి, అందులో లేని సందులుంటే మీరే గీసి చేర్చండి, కొట్టాలున్న వైపు సందులే అందులో ఎక్కువ తప్పిపోయి ఉంటాయి.