ఇంటర్వ్యూకి పోతున్నారా? ముందు ఆ బట్టీ పాఠం పక్కన పెట్టండి

"మైసెల్ఫ్ ఫలానా, ఐయామ్ ఫ్రమ్ నెల్లూరు, మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్, మై హాబీ ఈజ్ లిజనింగ్ మ్యూజిక్." పొద్దున్నుంచీ పదిమంది నోట ఇదే విన్నాక పదకొండోవాళ్లు నోరు తెరిచేసరికి ఇంటర్వ్యూ చేసేవాళ్లు తలకాయ దించుకుని రెజ్యూమే తిరగేస్తుంటారు. ఎవరు చెప్పినా ఒకటేలా ఉండే మాటకి విలువేముంటుంది? మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతి ఒక్కటి చెప్పండి, వాళ్లే తల ఎత్తి చూస్తారు.

నెల్లూరు దగ్గర ఓ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ చెకింగ్‌కి పిల్లల్ని తీసుకునేటప్పుడు నేనూ కూర్చుంటాను. ఒకసారి అల్లూరు వైపు నుంచి బీఎస్సీ చదివిన అబ్బాయి వచ్చాడు. పాఠం మధ్యలో మర్చిపోయి చెమటలు కక్కుతున్నాడు. మీ నాన్న ఏం చేస్తారయ్యా అంటే "రొయ్యల గుంటలు సార్" అన్నాడు. రాత్రి కాపలా ఎవరని అడిగానో లేదో, ఇక ఆగలేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఆ టైంలో కరెంటు పోతే జనరేటర్ వేసేదాకా ప్రాణం ప్రాణంలో ఉండదని, మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో ఉంచే చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తామని, రొయ్యలు పట్టే రోజు ఐసు ఆలస్యమైతే రొయ్య తల నల్లబడుతుందని, రొయ్యని చేతిలోకి తీసుకుంటే 30 కౌంటో 40 కౌంటో, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో, చెప్పేస్తానని, ఇలా వరసపెట్టి చెప్పుకుపోయాడు. మాకు కావాల్సింది సరిగ్గా అదే. ఇందులో ఒక్క ముక్క కూడా రెజ్యూమేలో లేదు. ఇంటి పని కదా, దాన్నేం రాస్తాం అనుకున్నాడట.

రాయాలి. సెలవుల్లో చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో లోడింగ్ లెక్కలు చూసినా, కందుకూరులో మామయ్య కొట్లో జీఎస్టీ బిల్లులు కొట్టినా అదీ అనుభవమే. ఇంటర్వ్యూకి ముందురోజు అలాంటివి రెండు గుర్తు చేసుకుని, అక్కడ ఏ ఇబ్బంది వచ్చింది, మీరేం చేశారు, చివరికి ఏమైంది అన్నవి పైకి మాట్లాడి చూసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఇంకా మంచిది. రెండు నిమిషాలు దాటకుండా చూసుకోండి. మాటలు మాత్రం బట్టీ పట్టొద్దు.

తెలియని ప్రశ్న వస్తే "తెలియదు సార్" అనేయండి, తప్పేం లేదు. తెలిసినట్టు నటిస్తే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు. ఇంగ్లీషు రాకపోతే చిన్న చిన్న వాక్యాలు చాలు, మధ్యలో మాట తడబడితే "తెలుగులో చెప్పొచ్చా మేడం" అని అడగండి, మన వైపు చాలాచోట్ల సరేనంటారు. చెన్నైలో ఇంటర్వ్యూ అయితే మాత్రం ఆ ధీమా పెట్టుకోకండి.

ఇక కాగితాలు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంతో, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మనకి మామూలే. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతిలోకి పోయాయి, ఆ తర్వాత కూడా మళ్లీ మార్పులు జరిగాయి, అందుకే ఒక సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, ఇంకోదాంట్లో ఇంకో జిల్లా కనిపిస్తుంది. బయటి రాష్ట్రం హెచ్‌ఆర్‌కి ఇది అనుమానంగా అనిపించొచ్చు. అడిగితే తడబడకుండా ఒక్క వాక్యంలో చెప్పేయండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇచ్చి రండి.

ఒంగోలు నుంచి నెల్లూరు దాదాపు 120 కిలోమీటర్లు. పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూ అంటే ముందురోజు రాత్రే వచ్చి చుట్టాలింట్లో పడుకోండి. ఎండాకాలమైతే ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని, బస్సు దిగి మొహం కడుక్కున్నాక వేసుకోండి, ఎందుకంటే మే నెలలో కిటికీ పక్కన కూర్చుని వచ్చిన చొక్కా ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టిఫిన్‌కి ఇడ్లీ తినండి. నెల్లూరు కారం దోశ ఇంటర్వ్యూ అయ్యాక తినొచ్చు, ఆ వెల్లుల్లి వాసన మీకంటే ముందు గదిలోకి పోతుంది. (ఇది నవ్వులాటకి చెప్పట్లేదు, ఏసీ గదిలో తలుపులేసి కూర్చుంటాం.)

జీతం ఎంత కావాలంటే "మీ ఇష్టం సార్" అనకండి. అదే పని చేస్తున్న సీనియర్లని ముందే కనుక్కుని, ఇంత నుంచి ఇంత అని చెప్పండి. గది అద్దె, మెస్సు ఖర్చు లెక్కేసుకోవడం మర్చిపోవద్దు. చివర్లో "ఏమైనా అడగాలా?" అంటే షిఫ్టుల గురించో, మొదటి మూడు నెలల్లో ఏ పని ఇస్తారనో అడగండి.

మధ్యలో ఎవరైనా పోర్టులో ఉద్యోగం, డిపాజిట్ కట్టాలి, యూనిఫాంకి డబ్బులు పంపండి అంటే ఇక మాట పెంచకుండా ఫోన్ పెట్టేయండి. కబురు చేస్తామన్నవాళ్లు వారం దాటినా చేయకపోతే మీరే ఒకసారి ఫోన్ చేయండి, మధ్యాహ్నం భోజనాల టైంలో మాత్రం వద్దు.