ఎండలు ముదరకముందే: పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల నొప్పిని కనిపెట్టండి

రోహిణి కార్తెలో బెజవాడ సంగతి తెలిసిందే. పగలు 45 డిగ్రీల దాకా వెళ్తుంది, రాత్రి పదకొండైనా శ్లాబు వేడి చల్లారదు. ఇంట్లో పార్కిన్సన్స్ (ఒంట్లో వణుకు, బిగుతు తెచ్చే మెదడు జబ్బు) ఉన్న పెద్దవాళ్లుంటే ఏప్రిల్‌లోనే కొన్ని సర్దుకోవాలి. అన్నిటికంటే ముందు వాళ్ల నొప్పి సంగతి చూడండి. వణుకు అందరికీ కనబడుతుంది కానీ నొప్పి కనబడదు. ఈ జబ్బులో ముఖం బిగుసుకుపోయి బాధ పైకి తెలియదు, గొంతు కూడా సన్నబడుతుంది.

నిరుడు మే నెలలో మేమూ పొరబడ్డాం. మామయ్యగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చునేవారు. ఉక్కపోత అనుకుని విసనకర్ర చేతికిచ్చేదాన్ని. వారం తర్వాత, "ఎక్కడైనా నొప్పిగా ఉందా మామయ్యగారూ?" అని అడిగితే, "కాలి వేళ్లు ముడుచుకుపోతున్నాయమ్మా, పిక్క లాగేస్తోంది" అన్నారు. రాత్రి వేసుకున్న లెవోడోపా (పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మాత్ర) పని తగ్గిపోయే వేళకి కండరం అలా పట్టేస్తుంది, దాన్ని డిస్టోనియా అంటారని డాక్టరుగారు చెప్పారు. మాత్ర వేళలు మార్చాక చాలావరకు తగ్గింది. ఆ వారమంతా ఆయన ఓర్చుకున్నారన్న బాధ నాకింకా పోలేదు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టండి. మాత్ర ఎప్పుడు వేశారు, నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎక్కడ, ఎలా ఉంది (లాగుతోందా, మండుతోందా, పోటా) రాయండి. మాత్ర వేళను బట్టి వచ్చే నొప్పి వేరు, రోజంతా ఉండే భుజం, నడుం నొప్పి వేరు. డాక్టరుకి ఆ తేడా చాలా ముఖ్యం. ఇంకోటి, నొప్పిని అదుపు చేయడంలో, ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనమైన డోపమైన్‌కి కూడా పాత్ర ఉంది. అది తగ్గినవాళ్లకి చిన్న దెబ్బ కూడా ఎక్కువగా నొప్పి పెట్టవచ్చు. "అంత దానికేనా" అనకండి. హంటింగ్టన్ అనే, వంశపారంపర్యంగా వచ్చే మరో మెదడు జబ్బులో మాత్రం దెబ్బ తగిలినా చెప్పకపోవచ్చు, కాబట్టి అలాంటివాళ్లకి స్నానం చేయించేటప్పుడు అరికాళ్లు, మోచేతులు చూడాలి. ఎండకు కాలిన గుడి బండల మీద ఎవరినీ చెప్పుల్లేకుండా నడిపించొద్దు. దుర్గమ్మ దర్శనానికైతే తెల్లవారగానే వెళ్లిరండి.

లెవోడోపా మాత్రని నీళ్లతోనే వేయాలి, మజ్జిగతో వద్దు. పప్పు, పెరుగు, పెసరట్టు లాంటి ప్రొటీన్ తిండి దాన్ని సరిగా ఒంటపట్టనివ్వదు. భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేస్తే మంచిది. మజ్జిగ ఆ మధ్య వేళల్లో తాగించండి. రాత్రి బాత్రూంకి లేవాల్సి వస్తుందని చాలామంది నీళ్లు మానేస్తారు. దాంతో మలబద్ధకం, కడుపునొప్పి వస్తాయి, లేవగానే బీపీ పడిపోయి కింద పడే ప్రమాదం కూడా ఉంది. నీళ్లు ఎక్కువ భాగం పగలే, కొంచెం కొంచెంగా పట్టండి.

వణుకు కోసం ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతుంటే చెమట తగ్గుతుంది, వడదెబ్బ త్వరగా తగులుతుంది. అలాగని మీకు మీరే ఆపకండి, ఎండాకాలం ముందే డాక్టరుని అడగండి. లెవోడోపాని కూడా హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వారానికి సరిపడా మాత్రలు చేతిలో ఉంచుకోండి, కిటికీ దగ్గర, బండి డిక్కీలో పెట్టకండి.

మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్ర తెచ్చుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీలకు హాని చేస్తాయి. పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసాజిలిన్, సెలెజిలిన్ వాడేవాళ్లకి ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ప్రమాదకరం. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ బిగుసుకుపోవడాన్ని పెంచుతుంది.

ఒళ్లు కాలిపోతూ, మామూలుకంటే ఎక్కువగా బిగుసుకుపోయి, మాట తడబడితే సాయంత్రం ఓపీ దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ ఉండండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. మాత్రల చీటీ, నోటుబుక్కు రెండూ వెంట తీసుకెళ్లండి. మా ఇంట్లో అవి తలుపు పక్క మేకుకి ఒక సంచిలో ఎప్పుడూ వేలాడుతుంటాయి.